నున్నమేస్త్రి పూసిన గోడలు

అతను పూత పూసిన గోడ మీద చీమ ఎక్కితే జారి పడుతుందని మా వీధిలో అనుకునేవాళ్ళు. అసలు పేరు ఏనాడో మరుగున పడిపోయింది. పెద్దలకీ పిల్లలకీ నున్నమేస్త్రే. యాభైకి రెండేళ్ళు తక్కువ. సన్నగా, పొడుగ్గా, ఎక్కడికో బయల్దేరుతూ మధ్యలో ఆగినట్టు ఒక భుజం ముందుకు వాల్చి నిలబడేవాడు. కుదురు అన్నది ఆ మనిషి ఒంట్లో లేదు. నిలబడే భోంచేసేవాడు. టీ చల్లారేదాకా ఆగలేక నాలుక కాల్చుకునేవాడు. బస్సు కోసం రెండు నిమిషాలు నిలబడలేక నడక మొదలుపెట్టేవాడు. సగం దారిలో అదే బస్సు పక్కనుంచి దూసుకుపోతే డ్రైవర్ని తిట్టేవాడు.

"కాలుగాలిన పిల్లికి మా ఆయన పెద్దన్నయ్య," అనేది ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేసే అతని భార్య.

మాది ఏటవాలు వీధి. రెండువైపులా పాతకాలపు రాతి ఇళ్ళు. గోడ మందం చాచిన చెయ్యంత ఉంటుంది. రాయికీ రాయికీ మధ్య మట్టి, కాస్త సున్నం. ఏడాదిలో సగం రోజులు వానే కాబట్టి చెమ్మ మాకు కొత్త కాదు. వెనకటికి ఏటేటా సున్నం కొట్టుకునేవాళ్ళు. గోడకి ఆనుకుంటే వీపంతా తెల్లగా అయ్యేది. తర్వాత సిమెంటు వచ్చింది. తడిగుడ్డతో తుడుచుకోవచ్చు, రంగు వేసుకోవచ్చు, అద్దంలా మెరుస్తుంది. ఇరవై ఏళ్ళలో మా వీధిలో పద్నాలుగు ఇళ్ళకి లోపలి గోడలు సిమెంటుతో నున్నగా చేసింది ఈ మేస్త్రే.

అతను పని నేర్చుకున్నది మాత్రం సిమెంటులో కాదు. కుర్రతనంలో మూడేళ్ళు పెద్దమేస్త్రి అనే సున్నం పనివాడి దగ్గర ఉన్నాడు. సున్నాన్ని గుంటలో నెలల తరబడి నానబెట్టాలి. ఒక పూత పూసి రోజుల తరబడి ఆగాలి. గోనెపట్టా తడిపి కప్పాలి, మళ్ళీ ఆగాలి. ఆ ఆగడమే ఇతని వల్ల కాలేదు. "ఆరే గోడకి కాపలా కాయడానికి నేను పుట్టలేదు," అని ఒకరోజు మధ్యాహ్నం తాపీ కడిగి గురువు చేతిలో పెట్టి వచ్చేశాడు. వారం తిరక్కుండా సిమెంటు పనివాళ్ళలో చేరాడు. పొద్దున పూస్తే సాయంత్రానికి గట్టిపడే సరుకు. తనకోసమే ఎవరో కనిపెట్టారనుకున్నాడు.

అతన్ని ఒకచోట నిలబెట్టిన ఇల్లు సొంత అక్కది.

అక్క అతని కన్నా ఆరేళ్ళు పెద్ద. వీధి మలుపులో ఉన్న రాతి ఇంట్లో ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుట్టేది. బావ పోస్టాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. ఎంగిలిచేత్తో కాకిని తోలని మనిషి. చదివేసిన ఉత్తరాల కవర్లని విప్పి, తిరగేసి అతికించి, మళ్ళీ వాడేవాడు. అలాంటివాడు కూడా ఎనిమిదేళ్ళ కిందట పడగ్గది ఉత్తరపు గోడకి సిమెంటు పూత పెట్టించడానికి ఒప్పుకున్నాడంటే బామ్మర్ది పనితనం మీద ఎంత నమ్మకమో చూసుకోండి.

రెండేళ్ళు గోడ బాగానే ఉంది. మూడో ఏడు మోకాలెత్తున ఒక మరక తేలింది. మేస్త్రి వచ్చి ఆ మేరకు చెక్కేసి, నీళ్ళు పట్టని మందు కలిపిన సిమెంటు పూశాడు. చెమ్మ ఆ పూత అంచు దాటి నడుమెత్తుకి వచ్చింది. నడుము దాకా పూశాడు. భుజాలెత్తుకి వచ్చింది. చివరికి గోడంతా కొత్తగా పూసి, రబ్బరులాంటి రంగు రెండుసార్లు పట్టించి, "ఇక చూద్దాం దీని సంగతి," అన్నాడు. గోడతో పంతం పట్టిన మనిషిని మేం అతన్నే చూశాం.

ఏడాది గడిచాక అక్క ఒకసారి అతన్ని వాకిట్లోకి పిలిచి గొంతు తగ్గించి చెప్పింది. "ఏమీ అనుకోకురా తమ్ముడూ. నిన్న ఒకావిడ కుట్టించుకున్న గౌను తెచ్చి తిరిగిచ్చేసింది. బూజు వాసన వస్తోందంట. మంచం కింద పెట్టెలో నాలుగు రోజులే ఉంచాను."

"గోడ పొడిగానే ఉంది కదక్కా. నిన్న కూడా చూశాను."

"పొడిగానే ఉందిరా. వాసనే పొడిగా లేదు."

ఆ మాట ములుకులా గుచ్చుకుంది. అప్పటి నుంచి పనికి పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి అక్క ఇంట్లో దూరి గోడ తడిమేవాడు. మంచం జరిపేవాడు, ముక్కు పెట్టి వాసన చూసేవాడు, మంచం మళ్ళీ సర్దకుండానే వెళ్ళిపోయేవాడు. "కుక్కని పెంచుకున్నా ఇంతకన్నా శుభ్రంగా ఉండేది," అని బావ గొణిగేవాడు.

ఆ ఏడు వానలు విడవకుండా పట్టుకున్నాయి. ఒకరోజు ఉదయం పది గంటలప్పుడు అక్క ముందుగదిలో ఒకావిడ కొలతలు తీసుకుంటోంది. బావ పడగ్గదిలో మంచం మీద పడుకుని పేపరు చదువుతున్నాడు. వంటింట్లో కొళాయి బొట్లుబొట్లుగా కారుతున్న చప్పుడు వినబడింది. ఊరికే పోయే నీటిబొట్టుని భరించగల మనిషి కాదు. లేచి వెళ్ళి కొళాయి బిగించాడు. చెయ్యి ఇంకా కొళాయి మీదే ఉంది, పడగ్గదిలో పెద్ద బస్తా విసిరికొట్టినట్టు దబ్బుమని చప్పుడైంది. వెళ్ళి చూస్తే పైకప్పు మోసే దూలం ఒక కొస గోడలోంచి ఊడి సరిగ్గా తలగడ మీద పడి ఉంది. పై చెక్కలు కుంగి వేలాడుతున్నాయి. పేపరు దూలం కింద నలిగిపోయింది.

నున్నమేస్త్రి పరుగున వచ్చాడు. ముందు కప్పు కిందికి జారకుండా రెండు గుంజలు బిగించాడు. తర్వాత దూలం కొస పట్టుకుని చూశాడు. నల్లగా ఉంది. వేళ్ళతో నలిపితే తడిసిన కేకులా పొడి రాలింది. రాతిగోడలో దూరి ఉన్న రెండు జానల మేర చెక్క మొత్తం కుళ్ళిపోయింది. గదిలోకి కనిపించే భాగం మాత్రం కొత్తదానిలా గట్టిగా ఉంది.

అతను సుత్తి తీసి తన పూత మీద కొట్టాడు. డొల్ల చప్పుడు. ఇంకో దెబ్బకి తలుపంత పెచ్చు ఒకే ముక్కగా ఊడి కింద పడింది. వెనక రాళ్ళ మీద నీళ్ళు చెమటలా కారుతున్నాయి. రాళ్ళ సందులో వేలు పెడితే మట్టి పేడలా వేలికి అంటుకుంది. ఇంకా కొట్టాడు. కొట్టిన చోటల్లా అదే. కనుబొమల మీద సిమెంటు పొడి పేరుకుపోయింది. అక్క వద్దురా అంటున్నా వినిపించుకోలేదు.

ఇంతలో బావ వెనకగదిలోంచి పిలిచాడు. "ఇలా రావయ్యా ఒకసారి."

అది సామాన్ల గది. కిటికీ కూడా లేదు. పడగ్గదిలాగే దాని గోడా ఉత్తరం వైపుదే, వాన కొట్టేదే. బావ ఒక పాత బీరువా పక్కకి జరిపి, "చెయ్యి పెట్టు," అన్నాడు. మేస్త్రి పెట్టాడు. గరుకుగా, చల్లగా ఉంది. అరచేతికి తెల్లటి పొడి అంటింది. తడి లేదు.

"ఈ గదికి కూడా పూస్తానన్నావు అప్పట్లో. సామాన్ల గదికి సోకులెందుకు, దండగ అని నేనే వద్దన్నాను," అన్నాడు బావ. ఎప్పుడూ బామ్మర్దిని ఆటపట్టించే ధోరణిలోనే, "అంటే మా ఇంట్లో నీ చెయ్యి పడని గోడ ఒక్కటే బతికి బట్టకట్టిందన్నమాట," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. అన్నవాడు కూడా నవ్వలేదు. "మీరు ఊరుకోండి," అంది అక్క.

మేస్త్రి బయటికి వచ్చాడు. వానలో వీధి పైకి నడిచాడు. మళ్ళీ కిందికి నడిచాడు. అక్క ఇల్లు పోగా ఇంకా పదమూడు గుమ్మాలు. ఏ గుమ్మం వెనక ఎన్ని దూలాలో అతనికి లెక్క తెలుసు. గొడుగు వేసుకుని స్కూలుకి పోతున్న టీచరమ్మ పలకరించినా అతనికి వినబడలేదు.

మర్నాడు పెద్దమేస్త్రి ఇంటికి వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళలో ఆ సందులోకి పోవడం అదే మొదటిసారి. పెద్దమేస్త్రి పోయి నాలుగేళ్ళయింది. పెరట్లో సున్నం గుంట మాత్రం అలాగే ఉంది. గుంట పక్కన మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, తలకి గుడ్డ కట్టుకున్న ఒక ఆవిడ పొడుగాటి కర్రతో సున్నం కలుపుతోంది. అది పెద్దమేస్త్రి కూతురు. ఇతను పని మానేసి వచ్చిన రోజున ఆ అమ్మాయి పలకా బలపం పట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉంది. ఇప్పుడు తండ్రి పని ఆవిడదే. పాత కచేరీ భవనాలకీ వంతెనలకీ మరమ్మతులు చేస్తుంది.

"ఏం కావాలన్నా?" అంది తల ఎత్తకుండానే.

"సున్నం."

"ఎన్ని బస్తాలు?"

"బస్తాలు కాదమ్మాయ్. పని కావాలి. నేర్చుకోవడానికి."

ఆవిడ కర్ర ఆపి చూసింది. "మా నాన్న దగ్గర మూడేళ్ళు నేర్చుకున్నావు కదా?"

"ఉన్నాను. నేర్చుకోలేదు."

ఆవిడ జాలిపడలేదు, దెప్పలేదు. తొడుగులు ఊడదీసి, "పద, ఇల్లు చూద్దాం," అంది.

అక్క ఇంటికి వచ్చాక కూడా ఆవిడ లోపలికి రాలేదు. గంటసేపు బయటే తిరిగింది. ఇంటి వెనక్కి వెళ్ళింది, మోకాళ్ళ మీద కూర్చుని నేల గోకింది, మెడ వెనక్కి వాల్చి చూరు చూసింది. మేస్త్రికి కాలు ఒకచోట నిలవడం లేదు. చివరికి ఆవిడ నోరు విప్పింది. వీధికి కాంక్రీటు వేసిన ప్రతిసారీ నేల ఎత్తు పెరిగి, ఇప్పుడు బయటి నేల లోపలి గచ్చుకన్నా జానెడు పైన ఉంది. పైకప్పు మీది నీళ్ళు దించే గొట్టం గోడ వైపు పగిలి ఉంది. వాన పడ్డప్పుడల్లా నీళ్ళు తిన్నగా గోడలోకే పోతున్నాయి.

"రాతిగోడ తడవకుండా ఎక్కడా ఉండదన్నా. తడుస్తుంది, ఆరుతుంది. వందేళ్ళుగా దాని బతుకు అదే. నువ్వు ఆరనివ్వకుండా చేశావు. తడిబట్టల మీద రైన్‌కోటు తొడిగి, పైన పొడిగా ఉంది కదా అన్నట్టు."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"సిమెంటంతా ఊడగొట్టు. గొట్టం మార్చు. గోడ పొడుగునా బయట కాలువ తవ్వి, నీళ్ళు పల్లానికి పోయేట్టు కంకర నింపు. ఆ తర్వాత ఆగు."

"ఎన్నాళ్ళు?"

"గోడ చెప్తుంది."

"గోడెలా చెప్తుంది మేస్త్రీ?"

నోరు జారి అన్న మాటే అది. అమ్మాయి మేస్త్రి అయిపోయింది. ఆవిడ విన్నా విననట్టే ఊరుకుంది. ఆ తర్వాత అతను ఆవిడని ఇంకోలా పిలవలేదు.

ఊడగొట్టడం నాలుగు రోజుల్లో అయిపోయింది. కుళ్ళిన కొస కోసేసి కొత్త చెక్క అతికించి దూలం నిలబెట్టడం, కాలువ తవ్వడం, గొట్టం మార్చడం ఇంకో రెండు వారాలు పట్టింది. పని ఉన్నన్నాళ్ళూ అతను బాగానే ఉన్నాడు. పని అయిపోయాకే నరకం మొదలైంది. ఉదయం ఆరింటికి అక్క ఇంటికి వెళ్ళి రాళ్ళ మీద అరచెయ్యి పెట్టేవాడు. తడి. సాయంత్రం పెట్టేవాడు. తడి. బొగ్గుతో గీతలు గీసి తడి ఎంత దిగిందో చూసేవాడు. దిగేది కాదు. ఓపిక చచ్చి ఒకరోజు ఎక్కడినుంచో వేడిగాలి కొట్టే పెద్ద యంత్రం తెచ్చి గోడకి ఎదురుగా పెట్టాడు. రెండు రోజుల్లో రాళ్ళ మీద ఉప్పు తెల్లగా నురగలా పొంగింది. పెద్దమేస్త్రి కూతురు వచ్చి స్విచ్చి ఆపింది.

"పైన ఎండబెడితే లోపలిది ఎండదు. ఉప్పు ఎగదన్నుకొస్తుంది. బ్రష్షు తీసుకుని ఇదంతా దులుపు. నీళ్ళు పెట్టి మాత్రం కడక్కు."

"నా వల్ల కావట్లేదు మేస్త్రీ. చేతులు కట్టుకుని కూర్చోవడం నాకు రాదు."

"కూర్చోమని ఎవరన్నారు? ఆగమన్నాను."

ఆ రెంటికీ తేడా ఏమిటో అతనికి అప్పుడు అర్థం కాలేదు. కానీ కాళ్ళు మాత్రం అతన్ని మిగతా ఇళ్ళ వైపు లాక్కుపోవడం మొదలుపెట్టాయి. ఇక్కడ గోడ ఆరుతోంది సరే, అక్కడ పదమూడు ఇళ్ళలో దూలాల కొసలు కుళ్ళుతున్నాయి. ఎవరి తలగడ మీద ఏది పడుతుందో? ఈ మాట భార్యతో అన్నాడు.

ఆవిడ షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. "ఏమంటావు వాళ్ళతో? నా పని తప్పు, నా గోడలు కూలతాయి, అని ఇల్లిల్లూ తిరిగి చెప్తావా? రేపు నిన్ను పనికి ఎవరు పిలుస్తారు?"

"చెప్పకపోతే?"

"వాళ్ళు అడిగారా నిన్ను? కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"కందకి తెలీదే. తెలిసింది నాకొక్కడికే."

"కొరివితో తల గోక్కుంటానంటే నేనేం చెయ్యను?" అని లేచి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి కావలసినంత వరకే మాట.

అతను వెళ్ళాడు. మొదటి ఇల్లు బస్సు కండక్టరుది. అంతా విని ఆయన పకపకా నవ్వాడు. "నేను చూసిన మేస్త్రులంతా పక్కవాడి పనికే వంక పెట్టారయ్యా. తన పనికి తనే వంక పెట్టుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. సరే, కొట్టు," అని ఆ క్షణమే గోడ చూపించాడు. రెండో ఇల్లు అంత తేలిగ్గా లేదు. అది బేకరీ ఆసామిది. కింద కొట్టు, పైన కాపురం. "పద్నాలుగేళ్ళ కిందట ఇదే గోడ పూసి, వందేళ్ళు చూసుకోనక్కర్లేదన్నది ఎవరు? నువ్వే కదా. ఇప్పుడు పని దొరక్క, అదే గోడ పగలగొట్టి మళ్ళీ కడతానని వచ్చావా?" అని పిండి చేతులతోనే గుమ్మం దాకా తరిమాడు. కూలి అడగనని మేస్త్రి చెప్పినా ఆయన చెవికెక్కలేదు.

మాట వీధి దాటింది. నున్నమేస్త్రి పని నిలవదట, ఆయనే చెప్తున్నాడట. ఒప్పుకున్న పనులు రెండు చెయ్యి జారాయి. ఎన్నాళ్ళుగానో కూడా ఉన్న పనివాడు సిమెంటు పని వెతుక్కుంటూ వేరేచోటికి పోయాడు. లాండ్రీలో భార్య అదనపు షిఫ్టులు ఒప్పుకుంది. వాన పట్టిన రోజుల్లో మేస్త్రి వీధిలో అటూ ఇటూ తిరుగుతూ ఇళ్ళ చూర్లకేసి చూసేవాడు. బుర్ర తిరిగిందన్నారు. గోడలు పూసీ పూసీ గోడలతో మాట్లాడుతున్నాడన్నారు.

అతన్ని ఎక్కువగా వేధించింది టీచరమ్మ ఇల్లు. ఆవిడ ఒంటరి మనిషి, వయసులో అతనికన్నా కొంచెం పెద్ద. ఆ ఇంటి ముందుగదిలో సాయంత్రాలు పన్నెండు మంది పిల్లలు లెక్కలు చెప్పించుకోవడానికి కూర్చునేవాళ్ళు. తన గోడంటే ఆవిడకి గర్వం. వచ్చిన ప్రతివాళ్ళకీ చూపించేది. మేస్త్రి మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ ఆవిడ మర్యాదగానే, "నా గోడకి ఒక్క మరక కూడా లేదు మేస్త్రీ. మీ అక్కగారి ఇంటి దోషం నా ఇంటికి అంటగట్టకు," అంది.

నాలుగోసారి అతను పెద్ద స్క్రూడ్రైవరు ఒకటి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. "టీచరమ్మగారూ, గోడ ముట్టుకోను. దూలం కొసన ఒక్కసారి దీంతో పొడిచి చూస్తాను. దిగకపోతే మళ్ళీ మీ గుమ్మం ఎక్కను."

ఆవిడ విసుక్కుంటూనే స్టూలు జరిపింది. అతను ఎక్కాడు. మొదటి దూలంలో అది వేలి గోరంత కూడా దిగలేదు. రెండో దానిలోనూ దిగలేదు. ఆవిడ ముఖం వికసించింది. మూడో దూలం పిల్లలు కూర్చునే చాపకి సరిగ్గా పైన ఉంది. గోడలో దూరేచోట స్క్రూడ్రైవరు పెట్టి అరచేత్తో మెల్లగా నొక్కాడు. వెన్నలోకి దిగినట్టు పిడిదాకా దిగింది. తీస్తే దాని వెంట గోధుమరంగు నీళ్ళు కారి అతని చొక్కా చేతిలోకి పోయాయి.

 టీచరమ్మ చాప చుట్టి అవతలి గదిలో పెట్టింది. "ఇవాళ పిల్లల్ని రావద్దని చెప్తాను," అంది.

దూలానికి గుంజ పెట్టాలంటే ఇద్దరుండాలి. ఒకరు పట్టుకోవాలి, ఇంకొకరు కింద చెక్కముక్క దూర్చి బిగించాలి. పనివాడు లేడు. ఎవరిని పిలవాలా అని మేస్త్రి వాకిట్లో నిలబడి ఉండగా భార్య వచ్చింది. ఆరోజు ఆవిడకి సెలవు. ఎవరు చెప్పారో, ఏం విందో తెలీదు. చెంగు నడుముకి దోపి గుంజ రెండో కొస ఎత్తింది.

"నాకు నీ మీద కోపం పోలేదు. అది గుర్తుంచుకో. ఊ, ఎత్తు," అంది.

ఇద్దరూ కలిసి ఆ గదిలో మూడు గుంజలు నిలబెట్టారు. దుప్పట్ల మూటలు మోసిన చేతులు అతని చేతులకన్నా బలంగా ఉన్నాయి. ఇంటికి పోతూ దారిలో ఆవిడే అడిగింది, "ఇలాంటివి ఇంకెన్నున్నాయి?" అని. పొడిచి చూస్తే గానీ తెలీదన్నాడు. "అయితే రేపు పొద్దున్నే మొదలుపెట్టు. నాలుగు రోజులు ఇంట్లో కూర్చుంటే నువ్వు నన్ను చంపేస్తావు," అంది.

టీచరమ్మ మాట వీధిలో చెల్లుతుంది. ఆవిడే ఒప్పుకున్నాక మిగతావాళ్ళు ఒకరొకరుగా తలుపులు తీశారు. అన్నిచోట్లా దూలాలు కుళ్ళలేదు. రెండు ఇళ్ళలో మాత్రం ఆలస్యమైతే ప్రమాదమే అయ్యేది. ఒకాయన వచ్చే ఏడు చూద్దామన్నాడు. ఇంకొకాయన ఇల్లు అమ్మేసి వెళ్ళిపోయాడు. కొన్నవాళ్ళకి మేస్త్రి సంగతి చెప్తే, ఎవరీ పిచ్చివాడని చూశారు.

అక్క ఇంటి గోడ ఏడో నెలలో ఆరింది. ఒకరోజు పొద్దున అతను చెయ్యి పెడితే తడి తగల్లేదు. నమ్మకం కుదరక చెంప ఆనించి చూశాడు. పెద్దమేస్త్రి కూతురు గుంటలోంచి నానిన సున్నం తీసి తట్టల్లో పంపింది. మొదటి పూత అతను గబగబా పూసి రెండో దానికి తాపీ ఎత్తబోతే, "ఇంకో పదిరోజులు," అని తట్టల్ని వెనక్కి తీసుకుపోయింది. అతను పళ్ళు కొరుక్కున్నాడు. ఆ పది రోజులూ వీధి చివర రెండు ఇళ్ళ నీటిగొట్టాలు మార్చి వచ్చాడు. ఆగమనడం అంటే ఇదేనేమోనని అప్పుడు అనిపించిందట.

మూడు పూతలూ అయ్యాక అక్క గోడ మీద చెయ్యి వేసి నిమిరింది. "గరుకుగా ఉందేంరా?"

"ఉంటుందక్కా."

"నీ పనిలా లేదు."

"లేదు."

మూలలో గచ్చుకి దగ్గరగా చిన్న మరక మాత్రం వానలు ముదిరినప్పుడు ఇప్పటికీ తేలుతుంది, మళ్ళీ ఎండకి ఆరిపోతుంది. అది అంతేనని పెద్దమేస్త్రి కూతురు ముందే చెప్పింది. మేస్త్రికి అది చూసినప్పుడల్లా చేతులు దురద పెడతాయి, కానీ ముట్టుకోడు. బట్టలకి వాసన పట్టడం ఆగింది. ఇన్నాళ్ళూ సామాన్ల గదిలో సర్దుకున్న అక్క మంచం మళ్ళీ పడగ్గదిలోకి చేరింది. బావ మాత్రం నెల రోజులు సామాన్ల గదిలోంచి కదల్లేదు. ఆ గది గాలి తన ఒంటికి పడిందన్నాడు. నున్నమేస్త్రి కాస్తా సున్నమేస్త్రి అయ్యాడని మా వీధివాళ్ళు ఎగతాళి మొదలుపెట్టారు. ఒక్క అక్షరమే కదా మారింది, ఆ ఒక్క అక్షరానికి ముప్ఫై ఏళ్ళు పట్టిందని బావ అందుకున్నాడు.

బేకరీ ఆసామి మాత్రం మనసు మార్చుకోలేదు. లోపలికి రానివ్వడు సరిగదా, ఎదురుపడితే ముఖం తిప్పుకునేవాడు. ఆ ఇంటి చూరు నీళ్ళు పట్టే తొట్టి ఆకులతో పూడిపోయి, వాన పడితే గోడ మీదుగా ధారలు కట్టేది. మేస్త్రి రోజూ చూస్తూ పోయేవాడు. ఒకరోజు ఉదయం, వాన అప్పుడే తెరిపి ఇచ్చింది, మళ్ళీ మబ్బు పడుతోంది, ఇక ఉండబట్టలేక నిచ్చెన తెచ్చి అడక్కుండానే బేకరీ గోడకి ఆనించి ఎక్కేశాడు. తడిసిన రాళ్ళ మీద నిచ్చెన కాళ్ళు జారుతున్నాయి. ఒక చేత్తో చూరు పట్టుకుని ఇంకో చేత్తో ఆకులు తోడుతున్నాడు.

కొట్టు తలుపు తెరుచుకుంది. బేకరీ ఆసామి బయటికి వచ్చి పైకి చూశాడు. "దిగు," అన్నాడు.

"రెండు నిమిషాలు."

"నా గోడ ఎక్కడానికి నువ్వెవరు?"

"గోడ ఎక్కలేదండీ. నిచ్చెనే ఎక్కాను."

ఆసామి ఏదో అనబోయాడు. ఇంతలో నిచ్చెన ఒక కాలు బెత్తెడు పక్కకి జరిగింది. ఆయన గబుక్కున రెండు చేతులా పట్టుకుని, కాలు అడ్డం పెట్టాడు. "పడి చచ్చావంటే నా మెడకి చుట్టుకుంటుంది," అన్నాడు.

మేస్త్రి పైనుంచి కుళ్ళిన ఆకుల ముద్దలు తీసి కింద పడేస్తున్నాడు. రెండు ముద్దలు ఆసామి భుజం మీదే పడ్డాయి. తిట్టాడు గానీ చెయ్యి వదల్లేదు. తొట్టిలో నిలిచిన నీళ్ళు బుడబుడమంటూ గొట్టంలోకి దిగాయి. కాసేపటికి మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.

"ఇంకెంతసేపయ్యా?"

"అటు చివర కూడా ఉందండీ."

ఆసామి అటు చివరకేసి చూశాడు. కొట్టులో రొట్టెలు మాడుతున్నాయని లోపలినుంచి భార్య కేకేసింది. "వస్తున్నా," అని అరిచి, "సరే, దిగు. నిచ్చెన అటు జరుపుదాం," అన్నాడు.